అన్‌డిఫైన్డ్ ద్వొమో బారసాల

ఆ శుక్రవారం పొద్దున ఫ్రెంపోమా పెట్టుకున్న పనులు మూడే. తొమ్మిదింటికల్లా సజ్జజావ కుండ అమ్మేసి ఖాళీ చెయ్యాలి. పన్నెండింటికి కూతురికి అన్నం పట్టుకెళ్ళాలి. రెండింటికల్లా ఇంటికొచ్చి, వాన పడకముందే తీగ మీది బట్టలు తియ్యాలి. మామూలు మనుషులకైతే ఇందులో గుండెలు బాదుకోవాల్సిందేమీ లేదు. ఫ్రెంపోమా మాత్రం జావ గరిటె తిప్పుతూనే, దారిలో తానెక్కిన ట్రోట్రో వ్యాను బోల్తా పడడం, అది పడకపోతే కూతురి షాపుకు నిప్పంటుకోవడం, అదీ అంటుకోకపోతే కూతురి ఉద్యోగం ఊడిపోవడం, మూడూ వరసగా కళ్ళారా చూసేసింది.

మూడో భయానికి కాస్త ఆధారం ఉంది. ఆమె కూతురు సేర్వా కుమాసి పట్నంలో, అసాఫో వీధిలో, ఒపారె గారి ప్రింటింగ్ షాపులో చేరి ఆ రోజుకు సరిగ్గా మూడు నెలలు. "మూడు నెలలు పని చూస్తాను. నచ్చితే ఉంచుకుంటాను, లేకపోతే దణ్ణం పెట్టి పంపించేస్తాను" అని ఒపారె మొదటిరోజే చెప్పాడు. అంతకుముందు ఆయన ఆర్డర్లన్నీ చీటీల మీద రాసుకుని, వాటిలో సగం చీటీలతో వేయించిన అరటికాయ తిన్న చేతులు తుడుచుకునేవాడు. సేర్వా వచ్చి జావాస్క్రిప్టులో ఒక ప్రోగ్రాం రాసింది. ఆర్డరిచ్చేవాళ్ళు ఫోనులో గడులు నింపితే చాలు. ఆ వివరాలు నేరుగా మిషనుకు వెళ్ళి బ్యానర్లూ, విసనకర్రలూ, నీళ్ళ సీసాల లేబుళ్ళూ అచ్చయి బయటికొస్తాయి. ఆ ప్రోగ్రాంకి మొదటి పెద్ద పరీక్ష ద్వొమో వారింటి బారసాల. "ఇది ఏ మచ్చా లేకుండా గడిస్తే సోమవారం నుంచి నీ ఉద్యోగం పర్మినెంటు" అన్నాడు ఒపారె. గడవకపోతే ఏమవుతుందో ఆయన అనలేదు. దాన్ని ఫ్రెంపోమా తనంతట తానే పూరించుకుంది.

పదింటికే ఆమె షాపు గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఒక చేతిలో చేమాకు కూర, ఉడికిన అరటికాయ ఉన్న గిన్నె. ఇంకో చేతిలో సంచి. సంచిలో టార్చిలైటు, ఉప్పు పొట్లం, గాయానికి కట్టే గుడ్డ, ఉన్నవి తెగితే వేసుకోవడానికి ఇంకో జత చెప్పులు, సేర్వా పుట్టిన సర్టిఫికెట్టు జిరాక్సు.

"ఏంటమ్మా, పదింటికే వచ్చేశావు?" అంది సేర్వా.

"ఏం లేదే. జావ అడుగంటింది. ఏడాదికి ఒక్కసారి కూడా అంటదు. మనసెందుకో కీడు శంకించింది."

"మంట ఎక్కువ పెట్టుంటావు."

"నేనూ అదే అనుకున్నాను. అనుకుని, ఎందుకైనా మంచిదని వచ్చేశాను."

ఇంతలో లోపలి గదిలోంచి ఒపారె గొంతు వినిపించింది. "సేర్వా! నీలం సిరా అయిపోయిందా, లేక ఈ మిషను నాతో ఆటలాడుతోందా?"

"వస్తున్నా సార్!" సేర్వా లేచి, తల్లిని తన కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇక్కడే ఉండు. ఏదీ ముట్టుకోకు."

"నేనెందుకు ముట్టుకుంటానే! షాకు కొట్టదూ?"

కాసేపు ఆమె నిజంగానే ఏదీ ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరవైపు చూస్తూ కూర్చుంది. ఆరో తరగతి దాకా చదివిన మనిషి. అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి. తండ్రి: బాఫో ద్వొమో. పుట్టినది: శనివారం. మగబిడ్డ. బ్యానరు: 1. నీళ్ళ సీసాల లేబుళ్ళు: 200. జిన్ను సీసాల లేబుళ్ళు: 0. ఆ కింది గడిలో, బిడ్డ పేరు...

ఫ్రెంపోమా గబుక్కున కళ్ళు మూసేసుకుంది.

ఆ రోజు శుక్రవారం. శనివారం పుట్టిన బిడ్డకు అది ఏడో రోజు. ఎనిమిదో రోజు తెల్లవారుజామున తండ్రి వైపు పెద్ద వచ్చి, బిడ్డను పైకెత్తి, పేరు పలికేదాకా ఆ బిడ్డ ఇంటికొచ్చిన చుట్టమే. ఉంటాడో, వచ్చిన దారినే పోతాడో వాడికే తెలియదు. చుట్టం ఉంటాడో లేదో తేలకముందే పేరు పెట్టి పిలిస్తే ఏమవుతుందో ఫ్రెంపోమాకి ఎవరూ చెప్పక్కర్లేదు. సేర్వా కంటే ముందు ఆమెకొక కొడుకు పుట్టాడు. ఐదో రోజున ఆమె మరిది సరదాకి వాడి పేరు బయటపెట్టాడు. ఆరో రోజున వాడు వెళ్ళిపోయాడు. జ్వరమని నర్సు చెప్పింది. ఫ్రెంపోమా నర్సుతో వాదించలేదు, ఆ మాట నమ్మనూ లేదు.

ఇప్పుడు ఎవరి బిడ్డో ఏమో, వాడి పేరు ఒక రోజు ముందే, అద్దం మీద, దీపంలా వెలుగుతూ, వీధిలో పోయేవాళ్ళకు కూడా కనిపించేలా ఉంది. ఫ్రెంపోమా ఎడమ అరచేతిని తెర మీద వేసి పేరును కప్పేసింది. ఒక కన్ను సగం తెరిచింది. వేళ్ళ సందులోంచి చూస్తే పేరు చివర ఒక చిన్న గీత టుకుటుకుమని కొట్టుకుంటోంది, అచ్చం పసిగుండెలా. చెరిపే మీట ఏదో ఆమెకు తెలుసు. ఫోనులో రాసేదానికంటే చెరిపేదే ఎక్కువ ఆమె. మళ్ళీ కళ్ళు మూసుకుని, ఆ మీటను ఇరవై ఒక్కసార్లు నొక్కింది. పేరు చిన్నదైతే మిగిలిన నొక్కులు దిష్టికి పోతాయనుకుంది.

చేతులకు నీలం సిరాతో సేర్వా పరుగున వచ్చింది. "లే అమ్మా, లే. సార్ ఆగేలా లేడు."

"ఏమేవ్, నేనూ..."

"తర్వాత చెబుదువుగాని." సేర్వా నిలబడే ఒక మీట నొక్కింది. లోపల పెద్ద మిషను గుర్రుమంది. ఫ్రెంపోమా గుండె తేలికపడింది. ఖాళీగా ఉంటే ఖాళీగానే అచ్చవుతుంది కదా, రేపు పేరు పలికాక రాసుకుంటారు, బిడ్డకు గండం తప్పింది అనుకుంది. గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి ఉప్పు తీసి, ఏ పేరూ తలచుకోకుండా బిడ్డ కోసం చిటికెడు గుమ్మం బయట జల్లింది.

పదకొండున్నరకు బిడ్డ అమ్మమ్మ బోటెమా తనకు రావాల్సిన సరుకు చూసుకోవడానికి వచ్చింది. ఆమె గుడికి వేసుకెళ్ళే తెల్ల బట్టల్లోనే బజారుకూ వస్తుంది. బారసాలలో సారాయి కూడదని జిన్ను లేబుళ్ళకు సున్నా పెట్టించింది ఆవిడే. ఒపారె చేతులు నలుపుకుంటూ, మూడు గజాల బ్యానరును స్వయంగా గోడకు తగిలించి వెనక్కి జరిగాడు. నీలం మీద బంగారు రంగు అక్షరాలు, మధ్యలో పావురాలు. "మా ఇంటికి స్వాగతం, అన్‌డిఫైన్డ్ ద్వొమో!"

నీళ్ళ లేబుళ్ళు రెండు వందలు, అన్నింటి మీదా అన్‌డిఫైన్డ్ ద్వొమో. విసనకర్రలు వంద, అదే. చేతిరుమాళ్ళు వంద, అదే, మూలల్లో గులాబీ పువ్వుతో.

బోటెమా కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. తీసి చదివింది. "మా గుడిలో ప్రెషస్ ఉంది, గుడ్‌నెస్ ఉంది. నెవర్‌దిలెస్ అనే కుర్రాడు డ్రమ్ము కొడతాడు. వాళ్ళవన్నీ నేను భరించాను. ఇదేం పేరయ్యా?" అని ఆగి, ముఖం కందగడ్డ చేసుకుంది. "నాకు ఇంగ్లీషు రాదనుకున్నారా? 'ఇదీ అని తేలనిది' అని కదూ దీని అర్థం? నా మనవడు ఎవరికి పుట్టాడో తేలలేదనా వాళ్ళ ఉద్దేశం?"

"అమ్మగారూ, మేము అచ్చువేసేవాళ్ళమే గానీ..." అని ఒపారె అంటూండగానే ఆమె ఫోను తీసి వియ్యంకుడికి కలిపేసింది. బజారంతా వినేలా అరిచింది. "పెద్దాయనా, మీకూ మాకూ ఇన్నేళ్ళ పరిచయం. అనుమానముంటే మొహం మీద అడగొచ్చుగా, మూడు గజాల గుడ్డ మీద రాయించాలా?"

అటువైపు ఏం అన్నాడో గానీ, పావుగంటలో ద్వొమో పెద్దాయన గొడుగు పట్టుకుని షాపులోకి వచ్చాడు. భుజం మీదినుంచి జారిపోతున్న నేతబట్టను ఒకసారి ఎగదోసుకుని, బ్యానరు చూశాడు.

"అంటే, నేను నోరు విప్పకముందే మీవాళ్ళు పేరు పెట్టేశారన్నమాట," అన్నాడు.

"మేమా? మీరు కదూ!"

"నేనింతవరకు ఆ పేరు నా పెళ్ళానికి కూడా చెప్పలేదు. నా పెళ్ళాం నలభై ఏళ్ళుగా నేను నిద్రలో మాట్లాడతానేమోనని మేలుకుని వింటుంది. ఆమెకే దొరకలేదు. మీకెలా దొరికింది?"

"మాకు దొరకలేదు కాబట్టే అడుగుతున్నాం!"

"దొరక్కపోతే సొంతంగా పెట్టేస్తారా?"

బెంచీ మీద ఫ్రెంపోమా, గుమ్మం బయట జల్లిన ఉప్పు చాల్లేదేమోనని, పొట్లంలో మిగిలింది చూసుకుంది.

ఒపారె సేర్వాను మిషను వెనక్కి లాక్కెళ్ళాడు. ఆయన గుసగుస కూడా బజారుకు వినబడుతుంది. "ఏమిటమ్మాయ్ ఇది? ఎవరు పెట్టారు ఈ పేరు?"

సేర్వా తెర చూసి తెల్లబోయింది. "ఎవరూ పెట్టలేదు సార్. పేరు గడిలో ఏమీ లేదు. లేనిదాన్ని అడిగితే ఈ ప్రోగ్రాం 'అన్‌డిఫైన్డ్' అని జవాబిస్తుంది. అంటే, దాని గురించి నాకెవరూ ఏమీ చెప్పలేదు, అని. మనం దాన్నే అచ్చువేశాం."

"పొద్దున పేరు ఉందే! నేను చూశానే! పొడుగ్గా ఉందనుకున్నాను కూడా. ఏం పేరో గుర్తులేదు."

"నేనూ సరిగ్గా చూడలేదు సార్. నేనే ఎక్కడో పొరపాటు చేసుంటాను. నాదే తప్పు."

బెంచీ మీదున్న తల్లి చెవిలో ఆ మాట పడింది. లేద్దామనుకుంది, లేవకుండా సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"తప్పు ఎవరిదో సోమవారం చూద్దాం," అన్నాడు ఒపారె. "ముందు ఖాళీగా ఉన్నచోట ఏదో ఒకటి నింపమని దానికి చెప్పు. పది నిమిషాలు!"

తొందరలో చేసిన పని ఎలా ఉంటుందో సేర్వాకు తెలియక కాదు. కానీ వెనక ఒపారె, ముందు వియ్యంకులు. గబగబా ప్రోగ్రాంలో రెండు నిలువు గీతలు గీసింది. గడిలో ఏమీ లేకపోతే మామూలుగా వేసేదే అచ్చువేసెయ్, అని వాటి అర్థం. పేరు లేకపోతే 'బేబీ'. అంకె లేకపోతే వంద. మిషను మళ్ళీ గుర్రుమంది. ఈసారి బ్యానరు మీద "బేబీ ద్వొమో" అని వచ్చింది. దాని వెనకే, ఎవరూ అడగకుండా, వంద జిన్ను సీసాల లేబుళ్ళు మెరిసిపోతూ బయటికి దూకాయి.

"బేబీ!" అన్నాడు ద్వొమో పెద్దాయన. "రేపు వాడు పెద్దవాడై, మా ఇంటి పెద్ద పీట మీద కూర్చుని తగవు తీరుస్తుంటే, బేబీ ద్వొమో గారూ న్యాయం చెప్పండి అనాలా జనం?" అప్పుడే లేబుళ్ళు ఆయన కళ్ళబడ్డాయి. గొంతు కాస్త మెత్తబడింది. "అయితే ఇది మాత్రం తెలివైనవాళ్ళు ఎవరో చేశారు. చుక్క జిన్ను నాలుక మీద పడకుండా ఏం బారసాల?"

"నేను సున్నా పెట్టించాను!" అని కేకపెట్టింది బోటెమా. "దగ్గరుండి మరీ పెట్టించాను సున్నా!"

"ఓహో, సున్నా పెట్టించింది మీరా? మా తాత నాలుక మీద పడింది, నా నాలుక మీద పడింది, నా మనవడి దగ్గరికొచ్చేసరికి సున్నానా?"

"మీ నాలుక మీద పడబట్టే ఇలా ఉంది!"

అవతలి షాపులవాళ్ళు పని మానేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సేర్వా తల పట్టుకుంది. "సార్, తొందరలో రెండు గీతలు పెట్టాను. వాటికి సున్నా అన్నా, ఏమీ లేదన్నా ఒకటే. సున్నా అంటే 'వద్దు' అని చెప్పడం. గడి నింపకపోవడమంటే 'ఇంకా చెప్పలేదు' అని. ఆ రెంటినీ ఒకే గాట కట్టేశాను."

"నిన్ను ఎక్కడ కట్టాలో నాకు తోచడం లేదు," అన్నాడు ఒపారె. వియ్యంకుల వైపు తిరిగి చేతులు జోడించాడు. "పెద్దాయనా, జరిగింది జరిగింది. ఆ పేరేదో చెప్పండి, గంటలో మళ్ళీ వేయిస్తాను."

"రేపు తెల్లవారితే గానీ నా నోట రాదు."

"పందిరి వేసేవాళ్ళు ఆరింటికి బ్యానరు కోసం వస్తారండీ!"

"వాళ్ళు ఆరింటికి రావచ్చు. పేరు రేపే వస్తుంది."

"పోనీ ఆర్డరు పెట్టింది మీ అబ్బాయి కదా. ఆయన్నే అడుగుదాం." ఒపారె బాఫోకి ఫోను చేశాడు. బాఫో ఒబువాసి గనిలో పనిచేస్తాడు. ఆ వేళకు భూమిలో ఏ అరమైలు లోతునో ఉన్నాడు. ఫోను మోగలేదు కూడా.

ఒపారె ఫోను జేబులో పెట్టుకుని, సేర్వా ముఖం చూడకుండా అన్నాడు. "అమ్మాయ్, నీ బల్ల మీద వస్తువులు సర్దుకో. సోమవారం నుంచి రానక్కర్లేదు."

పొద్దున జావ గరిటె తిప్పుతూ చూసిన మూడో దృశ్యం ఇదే. అచ్చం ఇలాగే చూసింది ఫ్రెంపోమా. కాకపోతే అందులో కూతురు ఏడ్చింది. ఇక్కడ ఏడవకుండా, నీలం చేతులతో గ్లాసూ, దువ్వెనా సంచిలో వేసుకుంటోంది. అది చూసేసరికి మోకాళ్ళు వాటంతట అవే లేచాయి.

"నేను తుడిచాను," అంది.

ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అంది, ఈసారి జావ అమ్మే గొంతుతో. "నేను తుడిచానయ్యా ఆ పేరు! నా బిడ్డకేం తెలియదు. ఏడో రోజున పసివాడి పేరు అలా అద్దం మీద వెలుగుతుంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. పోతే నన్ను పొమ్మనండి."

సేర్వా చేతిలోంచి దువ్వెన జారింది. "అమ్మా! ముట్టుకోకన్నానా!"

ద్వొమో పెద్దాయన గొడుగు మీద బరువు మోపి ముందుకు వంగాడు. "తుడిచేటప్పుడు ఆ పేరు చదివావా?"

"లేదు పెద్దాయనా. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. కళ్ళు కూడా మూసుకున్నాను."

"రెండూనా?"

"చెయ్యి జారితే అని."

ఆయన బోటెమా వైపు తిరిగాడు. "వియ్యపురాలా, ఈ ఊళ్ళో పద్ధతి తెలిసిన మనిషి ఒక్కరైనా మిగిలారు."

"నిజమే," అంది బోటెమా. జిన్ను దగ్గర ఒప్పుకోదు గానీ, ఈ విషయంలో ఆమెదీ అదే భయం. "అసలు ముందురోజే యంత్రంలో పేరు రాయడమేమిటి? మీ అబ్బాయికి బుద్ధుండాలి."

"అదే నేనూ అంటున్నాను," అన్నాడు ద్వొమో. ఉదయం నుంచి వాళ్ళిద్దరికీ కుదిరిన మొదటి మాట అది.

"పద్ధతి బాగానే ఉందండీ," అన్నాడు ఒపారె ఏడుపు గొంతుతో. "బ్యానరు సంగతేమిటి? ఖాళీగా వదిలేస్తే అన్‌డిఫైన్డ్ అంటుంది. నింపితే బేబీ అంటుంది."

"ఖాళీగా వదిలేస్తే ఖాళీగానే ఉంటుందనుకున్నాను బాబూ," అంది ఫ్రెంపోమా.

"ఉండేదే అమ్మా," అంది సేర్వా. "కానీ ఖాళీ గడులన్నీ చెత్త కదా అని, వాటిని ఉంచొద్దు, పారెయ్యమని నేనే దానికి చెప్పాను. దాంతో గడే పోయింది."

ద్వొమో పెద్దాయన గొడుగు నేలకు తాటించాడు. "ఖాళీ పీట వేరు, పీటే లేకపోవడం వేరు. మా అన్న పొలానికి వెళ్ళినా అతని పీట ఇంట్లో ఉంటుంది. దాని మీద ఎవరూ కూర్చోరు. పీట తీసేస్తే, అసలు మాకు అన్న ఉన్నాడని ఎవరికి తెలుస్తుంది? ఏమ్మా, మీ బళ్ళో ఇది చెప్పలేదా?"

"ఇంత బాగా చెప్పలేదు పెద్దాయనా," అంది సేర్వా.

ఫ్రెంపోమా ఈ లోపల బ్యానరు వైపే చూస్తోంది. ఆమెకు ఒకటి అర్థం కాలేదు. ఇంత చదువుకున్నవాళ్ళు, ఇన్ని మిషన్లు పెట్టుకుని, ఇంత చిన్నదానికి ఎందుకింత అవస్థ పడుతున్నారు?

"వాడికి పేరు లేకపోవడమేమిటి?" అంది. "శనివారం పుట్టిన మగపిల్లాడు ఎవరైనా క్వామెయే. అది ఎవరు పెట్టాలి? ఏ పెద్దాయన పలకాలి? పుట్టిన రోజే వాడితో పాటు వచ్చింది. ఆ పేరు పిలిస్తే చుట్టానికీ కోపం రాదు. అది వెయ్యండి. పక్కన పెద్దాయన పెట్టబోయే పేరుకి ఒక పీట వెయ్యండి, ఖాళీగా. రేపు ఆయన పలికాక ఆయనే కూర్చోబెడతాడు."

సేర్వా సంచి కింద పడేసి కుర్చీలో కూర్చుంది. "పుట్టిన వారం ఆర్డరులో ఎప్పుడూ ఉంటుంది. అది లేకుండా ముందుకెళ్ళనివ్వదు. అమ్మా, ఆదివారం నుంచి చెప్పు. ముందు మగపిల్లలవి."

ఫ్రెంపోమా పాటలా మొదలుపెట్టింది. "క్వాసి, క్వాజో, క్వాబెనా..."

"బుధవారం క్వాకు," అన్నాడు ఒపారె ఉండబట్టలేక. "నేనే అది."

"...యావ్, కోఫీ, క్వామె. ఆడపిల్లలకి అకోసువా, అజోవా, అబెనా, అకువా..." గురువారం దగ్గర కాస్త సిగ్గుపడింది. "యా. అది నాది. తర్వాత అఫువా, అమా. అంతే. ఈ పద్నాలుగు దాటి భూమ్మీదకు ఎవరూ రారు."

ఈసారి సేర్వా నిలువు గీతలు చెరిపి, వాటి స్థానంలో రెండు ప్రశ్నార్థకాలు పెట్టింది. ఫ్రెంపోమా భుజం మీదుగా తొంగిచూసి కంగారుపడింది. "ఒక ప్రశ్న చాలదా? రెండు ప్రశ్నలంటే ఏదో అనుమానమున్నట్టుందే."

"ఇవి మంచివమ్మా. నిజంగా ఎవరూ ఏమీ చెప్పనప్పుడే వారం పేరు వేస్తాయి. సున్నాని ముట్టుకోవు."

మిషను మూడోసారి గుర్రుమంది. నీలం మీద బంగారు అక్షరాలు మెల్లగా బయటికొచ్చాయి. "మా ఇంటికి స్వాగతం, క్వామె", తర్వాత జానెడు ఖాళీ, తర్వాత "ద్వొమో". జిన్ను లేబుళ్ళు ఒక్కటి కూడా రాలేదు. బోటెమా స్తోత్రం చెప్పింది. ద్వొమో పెద్దాయన ఒపారె దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "పాతవి వంద ఉన్నాయే, అవి పారెయ్యకండి," అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున ద్వొమో వారి వాకిట్లో పందిరి కింద అందరూ గుమిగూడారు. గని నుంచి రాత్రి బస్సులో వచ్చిన బాఫో, బ్యానరు చూసి ముందు ఉలిక్కిపడి, తర్వాత ఒక మూలకు వెళ్ళి నిలబడ్డాడు. పెద్దాయన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, నాలుక మీద నీటి చుక్క వేశాడు. తర్వాత ఏ సీసాలోంచి ఇంకో చుక్క వేశాడో బోటెమా చూడలేదు. సరిగ్గా ఆ క్షణంలోనే ఆమె కంట్లో నలుసు పడింది.

"నీ పేరు అసియామా," అన్నాడు పెద్దాయన. "మా మేనమామ పేరు. ఇక నువ్వు చుట్టానివి కావు."

ఎవరో బాఫో చేతికి నల్ల సిరా కలం ఇచ్చారు. పెద్దాయన అది లాక్కున్నాడు. కుర్చీ తెప్పించి, నలుగురు పట్టుకోగా దాని మీదికి ఎక్కి, బంగారు అక్షరాల మధ్య ఖాళీగా ఉన్న జానెడు చోటులో, ఒక్కో అక్షరమే రాశాడు. క్వామె అసియామా ద్వొమో. ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. ఉన్న ఫోన్లన్నీ లేచాయి. పెద్దాయన కుర్చీ దిగకుండా, ఇంకో ఫొటో తియ్యమన్నాడు.

గుంపు వెనక నిలబడ్డ ఫ్రెంపోమా పక్కకు బాఫో వచ్చాడు. "అమ్మా, షాపులో పేరు తుడిచింది మీరేనట. నిజంగా చదవలేదా?"

"చదవలేదు నాయనా. తప్పయితే క్షమించు."

"తప్పా! ఆ గడిలో నేను రాసింది అసియామా కాదమ్మా. నాన్న ఎలాగూ చెప్పడని నాకు నచ్చింది రాసేశాను. మా గని ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్ పేరు." అతను బ్యానరు వైపూ, కుర్చీ మీద కలం పట్టుకుని వెలిగిపోతున్న తండ్రి వైపూ చూసి, ఒక్కసారి వీపు తడుముకున్నాడు. "మూడు గజాల అక్షరాల్లో అది ఇక్కడ వేలాడుతూ ఉంటే, ఈపాటికి ఆ గొడుగు నా వీపు మీద ఉండేది."

ఫ్రెంపోమాకు నలభై ఏడేళ్ళు. ఆ నలభై ఏడేళ్ళలో ఆమె భయం ఎవరికైనా పనికొచ్చిందని ఎవరూ అనలేదు. ఆమె చేతి సంచిని గుండెకు హత్తుకుని, పందిరి కింద రాణిలా నడిచి వెళ్ళి, అడగకుండానే రెండోసారి అన్నం పెట్టించుకుంది.

సోమవారం పొద్దున ఒపారె షాపు ముందు పదకొండు మంది నిలబడ్డారు. అందరికీ ఖాళీ చోటున్న బ్యానరే కావాలి. ఆ ఆలోచన తనకు చాలా ఏళ్ళ క్రితమే వచ్చిందని ఒపారె ప్రతి ఒక్కరికీ చెప్పాడు. పదింటికి సేర్వాను పిలిచి, "మొన్న నేను సర్దుకోమన్నది బల్ల శుభ్రంగా ఉండాలని," అని, పర్మినెంటు ఉద్యోగం కాగితాన్ని ఆమె ముందు పెట్టాడు.

సేర్వా ఆ కాగితం మీద గడులన్నీ ఒక్కటీ వదలకుండా పెన్సిలుతో నింపి, మధ్యాహ్నం దాకా బల్ల మీద ఉంచింది. సాయంత్రం ఒపారె సంతకం పెడుతూ చూస్తే, 'ఆపద వస్తే ఎవరికి కబురు చెయ్యాలి' అన్న ఒక్క గడి మాత్రం తెల్లగా, శుభ్రంగా, ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం ఫ్రెంపోమా కూతురికి అన్నం తెచ్చి వెళ్ళింది.